మూడింటి పేపరు

బాపట్ల,
8 జులై 1991

అమ్మమ్మా,

ఆరోగ్యం ఎలా ఉందని అడగను. అడిగితే "నా ఆరోగ్యానికేం, అడిగేవాళ్లు రెండు నెలలకొకసారైనా కనబడితే చాలు" అంటావు. అందుకని నేరుగా పనిలోకి వస్తున్నాను.

ఎం.ఫిల్.లో నా విషయం ఖాయమైంది. పేపరూ రేడియో టీవీ మోసుకొచ్చే సమాచారం మన పక్క ఆడవాళ్ల బతుకుల్లో ఏం మారుస్తోంది, అసలేమైనా మారుస్తోందా అన్నది నేను తేల్చాలి. నవ్వకు, తేలుస్తాను. మా గైడు జగన్నాథరావుగారు రెండు చోట్ల సర్వే చేయమన్నారు. ఒకటి తెనాలి పక్కన నందివెలుగు. రెండోది రేపల్లెలో మీ పేట. మార్చి ముప్పై ఒకటికి థీసిస్ ఇచ్చేస్తే ఇక్కడి కాలేజీలో నా ఉద్యోగం పర్మనెంటు చేస్తారు. ఇవ్వలేకపోతే జూన్‌లో నా కుర్చీలో ఇంకొకరుంటారు.

నందివెలుగు అయిపోయింది. అరవై ఇళ్లు తిరిగాను. "పేపరు చదువుతారా అండి?" అంటే యాభై తొమ్మిది మంది "మాకెందుకమ్మా" అన్నారు. ఒక్కావిడ "ఎందుకు చదవనూ" అంది. ఎప్పుడని అడిగితే "పప్పు పొట్లం విప్పినప్పుడు" అంది. నా ఫారంలో అవును, కాదు అని రెండు గళ్లే ఉన్నాయి. ఎందులో టిక్కు పెట్టాలో తెలియక ఆవిడిచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

సెప్టెంబరులో వస్తాను. మీ పేట ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టే పూచీ నీది. ఫారం ఒకటి ఇందులో పెడుతున్నాను. చూడు చాలు, తప్పులు పట్టకు.

నీ కుమారి


రేపల్లె,
15 జులై 1991

కుమారికి దీవెనలు.

ఫారం చూశాను. పట్టవద్దన్నావు కాబట్టి తప్పులు పట్టలేదు. లెక్కపెట్టాను, అంతే. పదకొండు.

"మీరు దినపత్రిక పఠిస్తారా?" అని మొదటి ప్రశ్న. ఈ పేటలో పఠించేది మా పాస్టరుగారొక్కరే. మిగతావాళ్లం చదువుతాం, లేదా వింటాం. ఆ వినేవాళ్లకి నీ నలభై ప్రశ్నల్లో ఒక్క గడి కూడా లేదు. నందివెలుగులో నీకు "మాకెందుకమ్మా" అని జవాబొచ్చిందంటే తప్పు ఆ తల్లులది కాదు.

నేను రిటైరైన దగ్గర్నుంచీ మన వరండాలో మధ్యాహ్నం మూడింటికి పేపరు చదవడం జరుగుతోందని నీకు తెలుసు. పొలం నుంచి వచ్చి, మొహం కడుక్కుని, ముప్పై మంది దాకా చాపల మీద కూర్చుంటారు. నేను కుర్చీలో. శుక్రవారం స్త్రీల కూటంలో బైబిలు చదివేదీ ఆ కుర్చీలోంచే, ఆ కళ్లజోడుతోనే. దానివల్ల ఒక చిక్కు వచ్చింది. పేపరులో ఏ వార్త ముగించినా వెనక వరుసలోంచి సుబ్బాయమ్మ "ఆమేన్" అంటుంది. నిన్న బంగారం ధర పెరిగిందని చదివితే కూడా అంది. "అదేంటే, దానికెందుకు?" అంటే, "తమరు చదివాక అనకపోతే ఎట్లాగండి" అని నన్నే కోప్పడింది.

రా. కూర్చోబెడతాను. అయితే ఏమేం అడగదలిచావో ముందే నాకు పూర్తిగా రాసి పంపు. ఊరికే, వాళ్లు కంగారు పడకుండా ఉండడానికి.

మీ అమ్మమ్మ
సామ్రాజ్యం
(రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్. మీ సారు అడిగితే చెప్పు.)


తెనాలి,
29 సెప్టెంబరు 1991

అమ్మమ్మా,

తెనాలి గ్రంథాలయం బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద దుమ్ము కనబడితే అది ఈ ఊరిదే, నాది కాదు.

మీ పేటలో నలభై మందీ కడుపునిండా మాట్లాడారు. నా సర్వేకి ప్రాణం వచ్చింది. "పేపరు వార్త వల్ల మీ ఇంట్లో ఏమైనా మారిందా?" అని అడిగితే, నలభైలో ముప్పై ఒక్కరు ఒకే వార్త చెప్పారు. పదో తరగతి అవకుండా ఆడపిల్లను బడి మాన్పిస్తే ఆ ఇంటి రేషను కార్డు రద్దు చేస్తారని పేపర్లో వచ్చిందట. నాలుగైదేళ్ల కింద.

సుబ్బాయమ్మయితే మనవరాలి పెళ్లి రెండేళ్లు ఆపిందట. "పెళ్లికొడుకు వాళ్లు తొందరపడ్డారమ్మా. కార్డు పోతే బియ్యం మీరిస్తారా అని అడిగా. నోరు మూసుకున్నారు. ఈలోగా పిల్లోడికి బట్టతల వచ్చింది, అదొక్కటే నష్టం" అంది. పున్నమ్మ కూతురు సరోజిని ఇప్పుడు పదో తరగతిలో ఉండడం కూడా ఆ వార్త వల్లేనట.

ఇంత పని చేసిన వార్తను చూడకుండా ఎట్లా? మూడు ఆదివారాలుగా ఇక్కడ పాత పేపర్లు తిరగేస్తున్నాను. లైబ్రేరియన్ బాబూరావుగారు ఎనభై అయిదు నుంచి ఎనభై ఎనిమిది దాకా కట్టలన్నీ దించిపెట్టి, నా మీద తుమ్మి, "దొరికిందా అమ్మా?" అంటున్నారు. దొరకలేదు. నందివెలుగులో ఎవరికీ తెలియదు. గుంటూరులో ఆఫీసువాళ్లు అలాంటి ఉత్తర్వే లేదంటున్నారు.

చదివింది నువ్వేనట. ఏ పేపరు, ఏ నెల? గుర్తు చేసుకుని రాయి. మా సారు దీని మీదే ఒక అధ్యాయం రాయమంటున్నారు.

కుమారి


రేపల్లె,
10 అక్టోబరు 1991

కుమారికి,

వానలు వెనకబడ్డాయి. దోమలు వెనకబడలేదు. కొత్తగా వచ్చిన పోస్టుమాను ఇంటి నంబరు చూడడం మానేసి ఉత్తరాలన్నీ నాకే ఇచ్చిపోతున్నాడు, చదువుకున్నదాన్ని నేనే పంచుతానని. నిన్న రెండు మనియార్డరు కాగితాలు, ఒక శుభలేఖ పంచి వచ్చాను.

నువ్వడిగిన వార్త సంగతి. నాకు అరవై ఎనిమిదేళ్లు. రోజుకొక పేపరు చొప్పున ఎన్ని చదివి ఉంటానో నువ్వే హెచ్చవేసుకో. గ్రంథాలయాల్లో పాత పేపర్లకి ఎలుకలు కూడా పాఠకులే. ఆ రోజు సంచిక ఎవరి పకోడీల కిందకు పోయిందో ఎవరు చెప్పగలరు?

నీ ఫారంలో నలభై ప్రశ్నలున్నాయి. ముప్పై తొమ్మిదింటికి జవాబు దొరికితే ఫస్టు క్లాసే కదా. ఆ ఒక్కదాన్నీ పట్టుకుని వేలాడడం ఎందుకు?

ఆ దుమ్ములో కూర్చోకు, నీకు ఉబ్బసం. క్రిస్మసుకి నీకు చీర కొనాలి. నీలం కావాలా, ఆకుపచ్చా? ఈ ప్రశ్నకి మాత్రం వెంటనే జవాబు రాయి.

అమ్మమ్మ


బాపట్ల,
17 నవంబరు 1991

అమ్మమ్మా,

నీలం.

ఇప్పుడు నా ప్రశ్నకి రా. మొన్న మీ పేట పటం గీశాను. ఆ వార్త తెలిసిన ముప్పై ఒక్క ఇళ్లకీ ఎర్ర చుక్క, తెలియని తొమ్మిదింటికీ నల్ల చుక్క పెట్టాను. నల్ల చుక్కలు పడ్డ ఇళ్లవాళ్లెవరూ మన వరండాకి రారు. వాళ్లలో ఇద్దరి ఇళ్లల్లో పేపరు వేయించుకుంటారు కూడా! పేపరు కొని చదివేవాళ్లకి తెలియని పేపరు వార్త, నీ చాపల మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

పటాన్ని సారుకి చూపించకుండా సొరుగులో పెట్టాను. నువ్వు నాకు ఎక్కాలు నేర్పేటప్పుడు తప్పు చెబితే ఊరుకుని నా మొహంలోకి చూసేదానివి, నేనే ఒప్పుకునేదాకా. ఇప్పుడు నేను బాపట్ల నుంచి అట్లా చూస్తున్నాననుకో.

కుమారి


రేపల్లె,
1 డిసెంబరు 1991

కుమారికి,

చూపు బాగానే నేర్చుకున్నావు. ఇక్కడిదాకా తగిలింది.

ఆ వార్త ఏ పేపర్లోనూ రాలేదు. నేనే కల్పించి చదివాను.

ఎనభై ఏడు జూన్. పేటలో నలుగురు ఆడపిల్లలు అయిదో తరగతి పాసయ్యారు. బళ్లు తెరిచి రెండు వారాలైనా ఒక్కతీ హైస్కూల్లో చేరలేదు. ఊడ్పులు వస్తున్నాయి, చిన్న చేతులకి కూడా కూలి ఇస్తారు. నేను నాలుగిళ్లకీ వెళ్లాను. చదువు విలువ మీద మాట్లాడాను. ముప్పై మూడేళ్లు బళ్లో చెప్పినదాన్ని, బాగానే మాట్లాడి ఉంటాను. "అట్లాగేనండి" అన్నారు, మజ్జిగిచ్చారు, పంపేశారు. ఆ వేళ మూడింటికి వాళ్లే వచ్చి చాపల మీద కూర్చున్నారు. ఎక్కడో సముద్రం మీద ఓడ మునిగిందంటే కళ్లు తుడుచుకున్నారు. నా సొంత మాటకి లేని విలువ, చేతిలో కాగితం పట్టుకుని చెబితే ఉందని తెలిసింది. పేజీ తిప్పాను. రేషను కార్డు వార్త చదివాను. నా గొంతు కొంచెం కూడా వణకలేదు, అందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. సుబ్బాయమ్మ ఆమేన్ అంది. మర్నాడు నలుగురూ బడికి వెళ్లారు.

నీ థీసిస్‌లో రాయి. దాచమని అడగను. కానీ నీ పుస్తకం ద్వారానో మీ సారు ద్వారానో వాళ్లకి తెలియకూడదు, నేనే చెప్పాలి. చెప్పడానికి కొంచెం గడువియ్యి. సరోజినికి ఏప్రిల్ మొదట్లో గాని పరీక్షలు పూర్తికావు. పున్నమ్మ మొగుడు ఇస్సాకు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో ఇంకో కూలి మనిషి కావలసిన సమయం. ఇప్పుడు కార్డు భయం పోతే పిల్ల బడి కూడా పోతుంది.

నీ గడువు మార్చి ముప్పై ఒకటని నాకు గుర్తుంది. లెక్కల్లో నేనెప్పుడూ తప్పలేదు.

అమ్మమ్మ


బాపట్ల,
20 డిసెంబరు 1991

అమ్మమ్మా,

చీర అందింది. ఆకుపచ్చ పంపావు. అడిగి, విని, నీకు తోచిందే చేయడం నీకు మొదట్నుంచీ ఉన్నదేనని ఇప్పుడు నా దగ్గర ఆధారాలున్నాయి.

ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. తర్వాత మళ్లీ కోపం. ఒక పేపరువాడు ఈ పని చేస్తే నేనే అధ్యాయం నిండా ఉతికి ఆరేసేదాన్ని. చేసింది నువ్వు కాబట్టి క్రిస్మసు కేకు పంపుతున్నాను.

రేపల్లె ఫారాలు పక్కన పెట్టేస్తున్నాను. నందివెలుగు ఒక్కదానితో ఇస్తే ఎట్లా ఉంటుందని సారుని అడిగాను. "అది థీసిస్ కాదమ్మా, ప్రయాణం కబుర్లు" అన్నారు. వచ్చే ఏడు మళ్లీ మొదలుపెడతాను. ఉద్యోగం పోతే తెనాలిలో ట్యూషన్లు చెబుతాను. సరోజిని పరీక్ష పోతే ఏం చెబుతుంది?

నువ్వు కల్పించిన వార్తకి చివరికి రేషను కట్టయింది నాకే, చూశావా.

కుమారి


రేపల్లె,
28 జనవరి 1992

కుమారికి,

ఫారాలు బయటికి తియ్యి. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లకి చెప్పేశాను.

ఒకరి కూతుర్ని కాపాడడానికి ఇంకొకరి కూతుర్ని పణం పెట్టే హక్కు నాకు ఎవరిచ్చారని ఆలోచించాను. చెప్పాను.

అందరూ చాపల మీద కూర్చున్నారు. పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. "రేషను కార్డు వార్త నేను కల్పించింది. అచ్చులో లేదు" అన్నాను.

సుబ్బాయమ్మే మొదట లేచింది. "అయితే నా మనవరాలి మొగుడికి జుట్టు ఊరికే ఊడిందాండి?" అంది. నలుగురు నవ్వారు. నేనూ నవ్వబోయాను. పున్నమ్మ నవ్వలేదు.

"ఎందుకట్లా చదివారండి?" అని అడిగింది.

"ఉన్నదున్నట్టు చెబితే మీరు పంపరని."

"పంపనని మీకెవరు చెప్పారండి?"

"ఇంటింటికీ వచ్చాను కదే."

"మూడిళ్లకి వచ్చారు. నా ఇంటికి రాలేదు. వచ్చుంటే చెప్పేదాన్ని, పిల్ల పావడా గుడ్డ దర్జీకి ఇచ్చి వారమైందని. పెళ్లిళ్ల రోజులు, దర్జీ తిప్పుకుంటున్నాడు. అందుకే ఆలస్యమైంది."

కుమారీ, నీకు నాలుగిళ్లని రాశాను. అది నిజం కాదు. పున్నమ్మ ఇల్లు కాలవకి అవతల, ఆ రోజు వాన. అక్షరం రానిది, దీని జవాబు నాకు తెలియనిదా అనుకుని వెనక్కి వచ్చేశాను.

ఆమె ఇంకా అంది. "ఏడో తరగతిలో దానికి జ్వరం వచ్చిందండి. ఒళ్లు కాలిపోతోంది. బడి మానితే కార్డు పోతుందేమోనని వానలో చేయి పట్టుకుని నడిపించా. తెచ్చి మీ వరండాలోనే కాసేపు కూర్చోబెట్టా. మీరు కాఫీ ఇచ్చారు. ఆ రోజైనా చెప్పలేకపోయారా?"

ఆ రోజు నాకు గుర్తుంది. తల్లి పట్టుదలకి మెచ్చుకున్నాను కూడా.

పున్నమ్మ తన చాప చుట్టుకుని వెళ్లిపోయింది. అది ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న చాపే. సోమవారం మూడింటికి అయిదుగురు వచ్చారు. నేను ఏం చదివినా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఈ రోజు ముగ్గురు.

సరోజిని బడికి వెళుతోందో లేదో అడగడానికి కాలవ దాటి వెళ్లాలి. రేపు వెళతాను.

అమ్మమ్మ


బాపట్ల,
6 ఫిబ్రవరి 1992

అమ్మమ్మా,

వెళ్లావా? ఏమంది?

ఒకరిని అడగకుండానే అడిగినట్టు రాస్తే మా సారు ఆ ఫారం చించి, నన్ను బయట నిలబెడతారు. నిన్ను నిలబెట్టేవాళ్లు ఎవరున్నారని అనుకునేదాన్ని. పున్నమ్మ ఉందన్నమాట.

నువ్వొక్కదానివే కాదులే. నీ ఉత్తరం చదివాక నా ఫారాలు మళ్లీ తీశాను. "ఆ వార్త వినకముందు మీరేం అనుకున్నారు?" అని నలభై మందిలో ఒక్కరిని కూడా అడగలేదు. వార్త వచ్చింది, పిల్ల బడికెళ్లింది, కాబట్టి వార్త వల్లే వెళ్లిందని గీత గీసేశాను. మీ పేటలో తలలు ఖాళీగా ఉన్నాయని నువ్వు అనుకున్నావు, నేనూ అనుకున్నాను. ఈ ఆదివారం వచ్చి అందరినీ మళ్లీ అడుగుతాను. అధ్యాయం ఉన్నదున్నట్టు రాస్తాను, నీ తప్పు, నా తప్పు, దర్జీతో సహా. సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "మార్చిలోగా అవుతుందా?" అన్నారు. అంటే బాగుందని.

నీ పేరు రాయను. "ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు" అంటాను.

కుమారి


రేపల్లె,
22 మార్చి 1992

కుమారికి,

టైపు చేసిన అధ్యాయం అందింది. "విశ్రాంత" అన్న మాట కొట్టేశాను. ఈ రెండు నెలలూ నాకున్న విశ్రాంతి ఎంతో ఆ దేవుడికే తెలియాలి. పేరు కూడా రాశాను. చేసింది ఫలానా సామ్రాజ్యం అని ఉండాలి. అచ్చుతప్పులు ఏడు. నీ స్థాయికి తక్కువే.

పున్నమ్మ సంగతి చెబుతాను. నేను వెళ్లిన రోజు గుమ్మంలో పీట వేసి, బియ్యం చేట ముందు పెట్టుకుంది. సరోజిని లోపల లెక్కలు చేసుకుంటోంది. బడి ఒక్క పూట కూడా మానలేదు. నా భయం నాదే, ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఇస్సాకే మంచం మీంచి, "దాని చదువు ఆపేదెవరండి, నన్ను కుంటోణ్ణి చేసి కూర్చోబెట్టినా మా ఆడది ఆపదు" అన్నాడు. పున్నమ్మ నన్ను చూడకుండా బియ్యం ఏరుతూనే ఉంది. "తప్పు చేశాను పున్నమ్మా" అన్నాను. "అవునండి" అంది. అంతే. ఇంటికి వచ్చేశాను.

పోయిన సోమవారం పేపర్లో ఒక ప్రకటన పడింది. ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో చేరడానికి ప్రవేశ పరీక్ష, పదో తరగతి రాస్తున్నవాళ్లూ దరఖాస్తు పెట్టుకోవచ్చు, హాస్టలు ఉంది. గడువు వారం. సరోజిని కోసమే ఎవరో కూర్చుని రాసినట్టుంది. అక్కడే వచ్చింది చిక్కు. అంత అచ్చంగా సరిపోయే వార్త నా నోట్లోంచి వస్తే ఎవరు నమ్ముతారు? వచ్చిన ముగ్గురికీ చదివాను. సుబ్బాయమ్మ మెల్లగా, "ఇది అచ్చా, మీదా?" అంది.

పేపరు తీసుకుని కాలవ దాటాను. పున్నమ్మకి చదివాను. వేలు పెట్టి చూపించాను. ఆ అక్షరాల వంక చూసింది, నా వంక చూసింది.

"సరోజినిని పిలువు, అదే చదువుతుంది" అన్నాను.

"అది మీ శిష్యురాలండి."

"హెడ్‌మాస్టరుని అడుగు."

"ఆయనా మీ శిష్యుడేనండి. పోస్టాఫీసులో ఆయన, పాస్టరుగారు, అందరూ మీ దగ్గర చదివినవాళ్లే. రేపల్లెలో మీరు చదివింది కాదనేవాడు ఎవడున్నాడు?"

పేపరు మడిచి నా చేతిలోంచి తీసుకుంది. మర్నాడు కూలి మానేసి తెనాలి పాసింజరు ఎక్కింది. తెనాలి స్టేషనులో, నన్ను ఎరగనివాళ్లు కావాలని ప్లాట్‌ఫారం మొత్తం వెతికిందట. అక్కడ రైలు కోసం కూర్చున్న ఒక ఆడపిల్లకి పేపరిచ్చి, "ఇందులో ఏముందో చదువమ్మా" అందట. ఆ పిల్ల చదివింది. పున్నమ్మ పేపరు తీసుకుని, ఇంకా అవతలికి నడిచి, బొగ్గు లోడు చూసుకుంటున్న ఒక గుమాస్తాకి ఇచ్చి, అతని చేత కూడా చదివించింది. ఆ పిల్ల అన్నదేమిటో అతనికి చెప్పలేదు. కుమారీ, నువ్వు రెండేళ్లు ఎం.ఫిల్. చదివి నేర్చుకున్న పద్ధతి కదా ఇది.

రెండున్నర బండికి దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా మన వరండాకి వచ్చింది. మూడు దాటింది. ఆ రోజు ఎందుకో తొమ్మిది మంది వచ్చారు. నేను ఏదో చదువుతున్నాను, ఆగాను. చెప్పులు విప్పి, చాప లేకుండానే కింద కూర్చుంది. నలిగిపోయిన ఆ పేపరు నా ఒళ్లో పెట్టింది.

"తెనాలిలో కూడా ఇట్లాగే చదివారండి" అంది. "ఆ దరఖాస్తు ఎట్లా నింపాలో చెప్పండి."